పది నుంచి పదకొండుకి: స్రవంతికి ఉత్తరం

చి. స్రవంతికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ కంప్యూటర్‌ని విండోస్ 10 నుంచి 11కి మార్చడం గురించి నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్310 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, విండోస్ ఉన్న 240 జీబీ ఎస్ఎస్‌డీ, పక్కన 1 టీబీ హార్డ్‌డిస్క్. దీనిమీద విండోస్ 11 హాయిగా నడుస్తుంది. సిస్టమ్ విండోస్ 11కి సరిపోతుందో లేదో చూసే మైక్రోసాఫ్ట్ హెల్త్ చెక్‌లో ఎర్ర గుర్తు వచ్చిందని ఎవరో బోర్డూ ప్రాసెసరూ మార్చేయమన్నారట, వాళ్ల మాట వినకు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి చాలావరకు విండోస్ 11కి పనికొస్తాయి. నీ ఫొటోలో ఎర్ర గుర్తు ఉన్నది టీపీఎం 2.0 (రహస్య తాళాలు దాచే భద్రతా భాగం) దగ్గర, సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ విండోస్‌నే లేవనిచ్చే కాపలా) దగ్గర. అవి లేక కాదు, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉన్నాయి. మన దగ్గర అసెంబుల్ చేసిన సిస్టమ్‌లు చాలావరకు ఇంతే. విండోస్ 7 కాలపు అలవాటుకొద్దీ బయోస్‌ని లెగసీ అనే పాత పద్ధతిలో పెట్టి, డిస్క్‌ని ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో కట్టి ఇచ్చేశారు. సెక్యూర్ బూట్ ఆన్ కావాలంటే బయోస్ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి, డిస్క్ జీపీటీ అనే కొత్త పద్ధతికి మారాలి.

విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు ఈ సిస్టమ్ మీదే చేస్తున్నావు కాబట్టి మార్చాల్సిందే. అలాగని ఈ రాత్రికే కూర్చోకు. నెలలో 11కి, 20కి నీకు రిటర్నుల హడావుడి ఉంటుంది. 20 దాటాక వచ్చే శనివారం పొద్దున మొదలుపెట్టు. వేసవైతే సాయంత్రం గాలివాన వస్తుంది, వెంటనే కరెంటు పోతుంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందన్నావు కదా, దాని మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉందేమో చూడు. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గానీ కంప్యూటర్ మాత్రం ఆగి మళ్లీ మొదలవుతుంది. ముందే యూపీఎస్ మోడ్‌కి మార్చి, మెయిన్ ఒకసారి ఆపి చూసుకో.

మొదట 40, 50 రూపాయలకు దొరికే సీఆర్2032 బటన్ సెల్ ఒకటి తెచ్చుకో, వాచీలు బాగుచేసే దుకాణంలో కూడా ఉంటుంది. ఇంత చిన్న సంగతి ఎందుకంటావేమో. మదర్‌బోర్డు మీదున్న ఈ సెల్ అయిపోతే, వెనక స్విచ్ ఆపిన ప్రతిసారీ బయోస్ తన పాత సెట్టింగులకు వెళ్లిపోతుంది. ఇన్నాళ్లూ గడియారం తప్పు చూపించడం తప్ప నష్టం లేదు. రేపు డిస్క్‌ని కొత్త పద్ధతికి మార్చాక బయోస్ లెగసీకి వెళ్లిపోతే సిస్టమ్ అసలు లేవదు, నల్ల తెర మీద ‘బూట్ డివైస్ లేదు’ అంటుంది. అప్పుడు ఎస్ఎస్‌డీ పోయిందనుకుని కొత్తది కొంటారు. ఆరేళ్లు దాటిన బోర్డుకి సెల్ మార్చకుండా బయోస్‌లో చెయ్యి పెట్టకు.

తర్వాత బ్యాకప్. డి డ్రైవ్‌లో కాపీ చేశానంటే కుదరదు, అది అదే డబ్బాలో ఉంది. బయట హార్డ్‌డిస్క్‌లోకి తియ్యి. డెస్క్‌టాప్ మీద పరిచిన ఫైళ్లన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయని మర్చిపోకు. ట్యాలీలో ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూ వస్తుంది, బ్యాకప్ అక్కడే. బ్యాకప్ అయ్యాక ఎఫ్1 నొక్కి, సెట్టింగ్స్‌లో లైసెన్స్ దగ్గర సరెండర్ చేసెయ్, అంటే లైసెన్స్‌ని ఈ సిస్టమ్ నుంచి విడిపించు. పాత విండోస్ మీదే పైనుంచి ఎక్కించేటప్పుడు లైసెన్స్ చాలాసార్లు నిలుస్తుంది, కానీ ఏదైనా తేడా వచ్చి ఫార్మాట్ చేయాల్సి వస్తే సరెండర్ చేయని లైసెన్స్ కోసం ఫోన్లు తిప్పాలి. ఇంటర్నెట్ ఉంటే సరెండర్ రెండు నిమిషాల పని. మీ మామగారు తెలుగు టైపింగుకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఇన్‌స్టాలర్, ఆ ఫాంట్ ఫైళ్లు కూడా విడిగా తీసిపెట్టు.

ఇక అసలు పని, డిస్క్ మార్చడం. జారిపోయేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చదువు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. సి డ్రైవ్ ఉన్న గడిలో ‘బూట్’ అని రాసి ఉంటుంది. ‘సిస్టమ్’ అనే మాట ఏ డిస్క్ వరసలో ఉందో చూడు. రెండూ ఎస్ఎస్‌డీ వరసలోనే ఉండాలి. విండోస్ వేసిన రోజున హార్డ్‌డిస్క్ కూడా తగిలించి ఉంటే, ‘సిస్టమ్ రిజర్వ్‌డ్’ అనే చిన్న ముక్క ఒక్కోసారి హార్డ్‌డిస్క్ మీదకు పోతుంది. అలా ఉంటే ఈ మార్పు కుదరదు, హార్డ్‌డిస్క్ కేబుల్ పీకి, ఎస్ఎస్‌డీ మీద విండోస్ 11ని కొత్తగా వేసుకోవడమే నయం. ఇంకోటి, ఆకుపచ్చ గీత చుట్టిన ముక్కలు కనిపిస్తే అవి ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌లోని లాజికల్ డ్రైవ్‌లు. ఒకే డిస్క్‌ని సి, డి, ఇ, ఎఫ్ అని కోసి ఇవ్వడం మనవాళ్ల ఆనవాయితీ. విండోస్ ఉన్న డిస్క్ మీద అవి ఉంటే మార్పు సాధనం ఒప్పుకోదు. ప్రైమరీ పార్టిషన్లు కూడా మూడుకి మించకూడదు. నీ ఫొటోలో ఎస్ఎస్‌డీ మీద రెండే ముక్కలు ఉన్నాయి, గొడవ లేదు. హార్డ్‌డిస్క్ ఎలా ఉన్నా ఫర్వాలేదు, దాన్ని ముట్టుకోం.

సెర్చ్‌లో సీఎండీ అని కొట్టి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరువు. ఎంబీఆర్2జీపీటీ అని కొట్టి, ఖాళీ వదిలి స్లాష్ వేలిడేట్, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్ అలోఫుల్‌ఓఎస్. ఆఖరి మూడు మాటలూ కలిపే రాయాలి. ఇది ఊరికే చూసి చెబుతుంది, దేన్నీ మార్చదు. వేలిడేషన్ సక్సెస్ అని వస్తేనే, వేలిడేట్ ఉన్నచోట కన్వర్ట్ అని పెట్టి మళ్లీ నడుపు. నిమిషంలోపే అయిపోతుంది. అయిపోయాక మామూలుగా రీస్టార్ట్ చేసి వదిలెయ్యకు, పాత లెగసీ పద్ధతిలో అది లేవదు. రీస్టార్ట్ కొట్టగానే డిలీట్ కీ టకటకా నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లు.

బయోస్‌లో మూడు పనులు. సీఎస్ఎం అనేదాన్ని, అంటే లెగసీ పద్ధతిని నడిపేదాన్ని, డిసేబుల్ చెయ్యి. ఇంటెల్ పీటీటీని ఎనేబుల్ చెయ్యి, టీపీఎం అంటే నీ సిస్టమ్‌లో ఇదే. గిగాబైట్ బోర్డులో పెరిఫెరల్స్ కింద ఉంటుంది, ఆసుస్‌లో అడ్వాన్స్‌డ్ కింద పీసీహెచ్ ఎఫ్‌డబ్ల్యూ కాన్ఫిగరేషన్‌లో, ఎంఎస్ఐలో సెక్యూరిటీ కింద ట్రస్టెడ్ కంప్యూటింగ్‌లో. ఏఎండీ వాళ్లకి దీని పేరు ఎఫ్‌టీపీఎం. మూడోది సెక్యూర్ బూట్. కొన్ని బోర్డులు ముందు ఫ్యాక్టరీ కీస్ వేయమంటాయి, వెయ్యి. ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రా. తెర నల్లగా ఉండిపోతే కంగారుపడకు. బాగా పాత గ్రాఫిక్స్ కార్డు తగిలించి ఉంటే, సీఎస్ఎం లేకుండా అది బొమ్మ చూపించలేదు. కార్డు తీసేసి మానిటర్ తీగను బోర్డుకే పెట్టు.

విండోస్ లేచాక విండోస్ కీతో ఆర్ నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టు. బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ దగ్గర ఆన్ ఉండాలి. హెల్త్ చెక్ మళ్లీ నడిపితే ఆ ఎర్ర గుర్తే ఆకుపచ్చ అయి కనిపిస్తుంది. ఆ రోజుకి ఇక ఆపెయ్. మిగతా రోజంతా మామూలుగా వాడు, రెండుసార్లు పూర్తిగా ఆపి లేపు. డిస్క్ మార్పూ విండోస్ మార్పూ ఒకే పూట పెట్టుకుంటే, ఏదైనా చెడినప్పుడు దేనివల్లో తేల్చుకోలేం.

ఆదివారం అప్‌గ్రేడ్. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే విండోస్ 11 మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైలు దించుకో, 5 జీబీ దాటి ఉంటుంది. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగినా మళ్లీ దించాల్సిన పని ఉండదు, అందుకే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ ప్రోగ్రామ్ కంటే ఇదే నాకు ఇష్టం. సి డ్రైవ్‌లో కనీసం 30 జీబీ ఖాళీ ఉంచు. బయట కొన్న యాంటీవైరస్ ఉంటే ఆపడం కాదు, అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి. సగం అప్‌గ్రేడ్లు చెడేది దానివల్లే అంటాను నేను. డిజిటల్ సంతకం టోకెన్, ప్రింటర్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ పీకేసి కీబోర్డు, మౌస్, నెట్ తీగ మాత్రం ఉంచు. ఐఎస్ఓ మీద రెండుసార్లు నొక్కితే డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, అందులో సెటప్ నడుపు. ‘పర్సనల్ ఫైల్స్, యాప్స్ ఉంచు’ అన్నది ఎంచి ఉందో లేదో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కు. ఎస్ఎస్‌డీ మీద గంట, గంటన్నర. మూడు నాలుగుసార్లు తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ఒకే శాతం దగ్గర ఇరవై నిమిషాలు నిలబడినా, డబ్బా మీద డిస్క్ లైటు మిణుకుమంటూ ఉంటే స్విచ్ మీద చెయ్యి వేయకు.

చెడి వెనక్కి వస్తే పాత విండోస్‌తోనే లేస్తుంది, ఒక కోడ్ చూపిస్తుంది. 0ఎక్స్‌సీ1900101తో మొదలైతే ఏదో డ్రైవర్ అడ్డుపడింది. గ్రాఫిక్స్, నెట్‌వర్క్ డ్రైవర్లు కొత్తవి వేసి మళ్లీ ప్రయత్నించు. 0ఎక్స్80070070 అంటే జాగా చాలలేదు. 0ఎక్స్‌సీ1900208 అంటే ఏదో ప్రోగ్రామ్ కొత్త విండోస్‌కి సరిపడదని, దాన్ని తీసెయ్.

ఎక్కాక మొదటి రోజు సిస్టమ్ నత్తలా నడుస్తుంది. లోపల ఫైళ్ల జాబితా తిరిగి కట్టుకుంటూ, అప్‌డేట్లు దించుకుంటూ ఉంటుంది. ఒక రాత్రి ఆన్‌లో వదిలెయ్, ఆ తర్వాతే బాగుందో లేదో చెప్పు. అప్పటిదాకా క్లీనర్లు, బూస్టర్లు అని ఏవీ వేయకు. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ఆప్షనల్ అప్‌డేట్స్ తెరిస్తే డ్రైవర్లు విడిగా ఉంటాయి. అక్షరాలు లావుగా, మసకగా కనిపిస్తే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే దగ్గర చూడు. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అని ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయాలి.

ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. ఇది తప్పక వచ్చే తద్దినం అనుకో. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ తెరిచి చూడు, టిక్ యూఎస్‌బీ001 మీద ఉంటుంది, ప్రింటర్ మాత్రం యూఎస్‌బీ002కి మారి ఉంటుంది. టిక్ అటు మారిస్తే ఆగిన కాగితాలన్నీ ఒక్కసారే వస్తాయి, ముందు క్యూ ఖాళీ చెయ్యి. సంతకం టోకెన్ గుర్తుపట్టకపోతే దాని సాఫ్ట్‌వేర్ తీసేసి, టోకెన్ బయట ఉండగానే కొత్త వెర్షన్ వేసి, రీస్టార్ట్ చేశాకే గుచ్చు. జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం పెట్టించే ఈఎమ్‌సైనర్ ప్రోగ్రామ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు. ఏదైనా పాత డ్రైవర్‌ని ‘మెమరీ ఇంటిగ్రిటీ’ అడ్డుకుంటోందని చెబితే, ఆ రక్షణ ఆపమని యూట్యూబ్‌లో చెబుతారు. ఆపకు, కొత్త డ్రైవర్ వెతుకు.

మీ మామగారి పాత ఫైళ్లు తెరిస్తే ఇంగ్లిష్ పిచ్చి గీతల్లా కనిపించవచ్చు. ఫైలు చెడలేదు, ఫాంట్ దొరకలేదు అంతే. తీసిపెట్టిన అను ఫాంట్లు మళ్లీ వేస్తే సరి. గౌతమి, వాణి ఫాంట్లు కనిపించకపోతే సెట్టింగ్స్ సెర్చ్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని కొట్టి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చు.

యాప్‌లు ఉన్నట్టుండి మూసుకుపోతుంటే అడ్మినిస్ట్రేటర్ సీఎండీలో ముందు డీఐఎస్ఎం స్లాష్ ఆన్‌లైన్ స్లాష్ క్లీనప్-ఇమేజ్ స్లాష్ రీస్టోర్‌హెల్త్, అది ముగిశాకే ఎస్ఎఫ్‌సీ స్లాష్ స్కాన్‌నౌ. ప్రతి స్లాష్ ముందూ ఖాళీ వదలాలి. వరస తిరగేస్తే ఫలితం ఉండకపోవచ్చు. రెండోది బాగుచేయడానికి వాడే సరుకును సిద్ధం చేసేది మొదటిదే.

పాత విండోస్‌కి తిరిగి వెళ్లే దారి పది రోజులే ఉంటుంది, సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ అని. ఆ పది రోజులూ విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ని జాగా తింటోందని తుడవకు, అది పోతే దారీ పోతుంది. ఈలోపే ట్యాలీ లైసెన్స్ మళ్లీ యాక్టివేట్ చేసుకుని, ఒకసారి ట్యాలీ, ప్రింటర్, టోకెన్, స్కానర్ అన్నీ నడిపి చూడు. ఇరవయ్యో తారీఖు దాటాక మొదలుపెట్టమన్నది ఇందుకే.

మీ ఆయన ల్యాప్‌టాప్ సంగతి వేరు. అందులో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందన్నావు. బయోస్ ముట్టుకునే ముందు మైక్రోసాఫ్ట్ ఖాతాలో 48 అంకెల రికవరీ కీ చూసి, కాగితం మీద రాసి, ఆ ఎన్‌క్రిప్షన్‌ని, అంటే బిట్‌లాకర్‌ని, సస్పెండ్ చెయ్యాలి. సిస్టమ్ అడిగినప్పుడు ఆ కీ దొరక్కపోతే డేటా మీద ఆశ వదులుకోవడమే. మీ అత్తయ్య వాళ్ల ఆరో తరం ఐ3కి విండోస్ 11 అధికారికంగా లేదు. దొడ్డిదారిన ఎక్కించవద్దు. విండోస్ 10, 22హెచ్2 వెర్షన్ ఉంటే అప్‌డేట్ పేజీలోనే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు పేరు నమోదు చేసుకోవచ్చు, 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. ఆ తర్వాతి సంగతికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఒకసారి వెళ్లి బోర్డు, ప్రాసెసర్ ధరలు కనుక్కుని ఉంచమను.

ఎక్కడైనా ఆగిపోతే తెర మొత్తం కనబడేలా ఫొటో తీసి పంపు. కోడ్‌లో ఆఖరి అంకెలు కోసెయ్యకు, కిందటిసారి అవే లేవు.

పెద్దనాన్న