అప్పు చేసి కానుక ఇవ్వాలా?

పలాస దగ్గర పల్లె నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె జీడిపప్పు కార్ఖానాలో పనిచేస్తారు, భర్త ఆటో నడుపుతారు. చర్చి మందిరానికి స్లాబ్ వేస్తున్నారని ఆయన ప్రార్థన కూటంలో అందరి ముందూ లేచి 50,000 ఇస్తానని మాటిచ్చేశారు. చేతిలో డబ్బు లేదు. "డ్వాక్రాలో నీ పేరు మీద లోన్ తియ్యి, మనం విత్తితే దేవుడు నూరంతలు ఇస్తాడు" అంటున్నారట. పాప పాలిటెక్నిక్ ఫీజు 30వ తేదీలోపు కట్టాలి, అత్తగారికి పది రోజులుగా బీపీ మాత్రలు లేవు. "వద్దంటే నీకు విశ్వాసం లేదంటున్నాడు, నిజంగా నాదే తప్పా?" అని అడిగారు.

అమ్మా, తప్పు మీది కాదు. ఆ లోన్ కాగితం మీద సంతకం పెట్టకండి. డ్వాక్రా అప్పు మీ ఒక్కరిది కాదు కదా, మీరు ఒక్క కిస్తీ తప్పితే మీ గ్రూపులో మీతోపాటు పప్పు ఒలిచే ఆడవాళ్లందరి మీదా పడుతుంది, రేపు వాళ్లకి లోన్ రావాలన్నా కష్టమవుతుంది. వాళ్లని అడగకుండా వాళ్ల నెత్తిన బరువు పెట్టి మనం దేవుడికి కానుక ఎలా ఇస్తాం?

మీ ఆయన చెప్తున్న విత్తనం మాట బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండవ ఉత్తరం, అంటే రెండవ కొరింథీ, 9వ అధ్యాయంలోదే. అయితే దాని పక్క వచనమే, సణుగుకోకుండా, బలవంతం లేకుండా, ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నట్టు వాళ్లు ఇవ్వాలంటుంది. ఇంకాస్త కింద, విత్తేవాడికి విత్తనం ఇచ్చే దేవుడే తినడానికి ఆహారం కూడా ఇస్తాడని ఉంటుంది. మన రైతులు విత్తనాల గింజలు వేరు, తిండి గింజలు వేరు కట్టి పెట్టుకుంటారు చూడండి, అలాగే. పాప ఫీజూ, అత్తగారి మాత్రలూ తిండి గింజలు, అవి కూడా దేవుడిచ్చినవే. 8వ అధ్యాయంలోనైతే పౌలు ఇంకా సూటిగా చెప్పాడు, మనిషికి ఉన్నదాన్ని బట్టే ఇచ్చింది అంగీకారం, లేనిదాన్ని బట్టి కాదు అని. మాసిదోనియ సంఘాలవాళ్లు కటిక పేదరికంలో కూడా ఇచ్చారని పౌలు మెచ్చుకున్నాడు నిజమే, కానీ వాళ్లు తమంతట తామే ఇచ్చారు, అప్పు చేసి ఇచ్చారని అక్కడ లేదు. తల్లిదండ్రులకి పెట్టాల్సింది "కొర్బాను, ఇది దేవుడిది" అని పక్కన పెట్టేసేవాళ్లని యేసు ప్రభువు గట్టిగా మందలించాడు, మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. మీ అత్తగారి మాత్రల సంగతి తలుచుకుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

ఇక మీ ఆయన గురించి. మీ ఉత్తరంలో ఒక చోట రాశారు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మీ కొబ్బరి చెట్లన్నీ కూలిపోయి, ఇంటి రేకులు లేచిపోయాక, వారం రోజులు మందిరంలోనే పడుకున్నామని, ఎక్కడెక్కడి సంఘాలవాళ్లో బియ్యం, దుప్పట్లు తెచ్చి ఇస్తే మీ ఆయన ఏడ్చేశారని. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, నేను అక్కడే చాలాసేపు ఆగిపోయాను. మీ ఆయన గొప్ప కోసం మాట ఇచ్చారని నాకు అనిపించడం లేదు. ఆ రోజు తీసుకున్న చేయి ఈ రోజు ఇవ్వాలని కొట్టుకుంటోంది. ఆ మనసు మంచిది, దాన్ని ఎగతాళి చేయకండి. ఆయనకి సరిచేయాల్సింది ఒక్కటే, దేవుడు ముందే ఇచ్చేశాడు కాబట్టి మనం ఇస్తున్నాం, ఆయన దగ్గర నూరంతలు రాబట్టడానికి కాదు.

మీకు కూడా ఒక మాట చెప్పాలి, ఏమీ అనుకోకండి. రోజూ ఎసరు పెట్టే ముందు గుప్పెడు బియ్యం తీసి డబ్బాలో వేసేదాన్నని, నెలాఖరుకి పక్కింటి ముసలమ్మకి ఇచ్చేదాన్నని, మీ ఆయన మీద కోపంతో రెండు నెలలుగా మానేశానని రాశారు. లోన్ విషయంలో నేను పూర్తిగా మీ పక్కన ఉన్నాను, ఈ బియ్యం విషయంలో లేను. ఆ ముసలమ్మ ఏం చేసింది పాపం? బైబిల్లో, ఏలీయా ప్రవక్తకి రొట్టె చేసిపెట్టిన సారెపతు ఊరి విధవరాలి దగ్గర కూడా ఉన్నది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె, అంతే. మీ గుప్పెడు అలాంటిది, మీ దగ్గరున్న దాంట్లోంచి, ఎవరూ చూడకుండా, అప్పు లేకుండా ఇచ్చింది. మీ ఇంట్లో నిజమైన కానుక అదే అని నాకనిపిస్తుంది, అది ఆగిపోయినందుకు బాధేసింది. రేపు పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టండి.

మీ ఆయనతో ఆటో దిగగానే మాట్లాడకండి, అన్నం తిన్నాక, పాప నిద్రపోయాక కూర్చోండి. నోట్‌బుక్‌లో నెల సంపాదన, ఖర్చులు ఇద్దరూ కలిసి రాయండి. "ఇవ్వొద్దు" అనకండి, "మనం ఎంత ఇవ్వగలం?" అని అడగండి. నెలకి 500 తేలితే 500 అనుకోండి. తర్వాత ఇద్దరూ కలిసి పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి, ఆవేశంలో మాటిచ్చాం, ఒకేసారి ఇవ్వలేం, నెలనెలా ఇంత ఇస్తాం అని చెప్పండి. మీ ఆయనకి సిగ్గుగా ఉంటుంది, ఆ మాట మీరే మొదలుపెట్టినా పర్లేదు. డబ్బు ఇవ్వలేకపోతే ఆయన ఆటోలో సిమెంటు బస్తాలు తోలొచ్చు, స్లాబ్ రోజున అందరితోపాటు తట్ట మోయొచ్చు. మంచి కాపరి అయితే అర్థం చేసుకుంటారు, ఒకవేళ ఒత్తిడి పెడితే సంఘ పెద్దల్లో మీరు నమ్మే ఒకరిని తోడు తీసుకెళ్లండి.

ఆదివారం దాకా ఆగకండి, జనంలో ఇలాంటి మాటలు కుదరవు. శనివారం సాయంత్రమే వెళ్లండి. దారిలో మెడికల్ షాపు దగ్గర ఆగి అత్తగారి మాత్రలు కొనండి.