పూల్‌లో నీళ్లు వదిలే ముందు మామ మాట

బిడ్డా,

ములుగు రోడ్డు తోటలో నువ్వు కట్టిస్తున్న స్విమ్మింగ్ పూల్‌కు ప్లాస్టర్ అయిపోయిందనీ ఎల్లుండి నీళ్లు వదులుతున్నావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా ఇంటి ఆడపిల్ల పూల్ కట్టిస్తోందని గొప్పగా అనిపించింది, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. ఇరవై రెండేళ్లు పూల్స్ దగ్గరే బతికిన మామ హన్మకొండలో ఖాళీగా కూర్చుని ఉంటే ఒక్క మాట అడగవా?

సరే, లెక్క చూడు. 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, సగటున 4 లోతు అంటే దాదాపు 22,600 లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు. పైపు కొసకు పాత బట్ట కట్టి బాగా లోతున్న చోట పెట్టు. నిండేదాకా ఎవ్వర్నీ దిగనివ్వకు. మధ్యలో మాత్రం ఆపకు.

నేను ఆపాను. సొంతంగా పట్టుకున్న మొదటి పని, ధర్మసాగర్ దిక్కు ఒక తోటలో, మే నెల. సగం నిండాక బోరు గ్యాప్ ఇచ్చి ఇచ్చి ఆగిపోయింది. ట్యాంకర్ పొద్దున్నే వస్తుందన్నారు, నేను ఇంటికి పోయి పడుకున్నా. అది వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. అప్పటికే ఆ ఎండకు, నీళ్లు నిలిచిన చోట గోడ చుట్టూ చాయ్ కప్పులో మిగిలినట్టు ఒక గీత. మర్నాడు ఓనర్ వస్తాడు. టెన్షన్‌లో ట్యాంకర్‌ను ఆపి, క్యాన్‌లోంచి యాసిడ్ నేరుగా గీత మీద పోశాను. బుసబుసా పొంగింది. గీత పోయింది, ప్లాస్టర్ నునుపూ పోయింది, చెయ్యి పెడితే గరుకు కాగితమే. ఆ ఎండాకాలమంతా వాళ్ల పిల్లల మోకాళ్లు చెక్కుకుపోతూనే ఉన్నాయట.

అది కూడా కాదు నన్ను ఇప్పటికీ లేపేది. మిగిలిన చోట పలచన చేసి పోద్దామని బకెట్‌లో యాసిడ్ పోసి, దాని మీద మగ్గు నీళ్లు కుమ్మరించాను. ఒక్కసారి ఎగజిమ్మింది. పక్కన బకెట్ పట్టుకున్న పిల్లాడికి పదిహేడేళ్లు. వాడి కళ్లను నల్లా కింద పెట్టి ఇరవై నిమిషాలు కడుగుతూ, వాడి కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. చూపు నిలిచింది. వారం పాటు కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

అందుకే ముందు బకెట్‌లో నీళ్లు, తర్వాతే యాసిడ్. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా క్యాన్ మూత తీశావని తెలిస్తే పెళ్లీడుకొచ్చావని కూడా చూడను.

కొత్త ప్లాస్టర్ దాదాపు నెల రోజులు సున్నం వదులుతూనే ఉంటుంది, దాంతో నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) పైకి ఎక్కుతుంటుంది. రోజూ పొద్దున టెస్ట్ చెయ్యి: పీహెచ్ 7.2 నుంచి 7.6, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) 80 నుంచి 120 పీపీఎం. పీహెచ్ ఎక్కితే నీ పూల్‌కు ఒకసారికి 200 మిల్లీలీటర్ల యాసిడ్‌కు మించకుండా, పంపు నడుస్తుండగా, పలచన చేసి పొయ్యి. నాలుగు గంటలాగి మళ్లీ చూడు. హార్డ్‌నెస్, అంటే నీళ్లలో కరిగిన సున్నం, 200 నుంచి 400 పీపీఎం ఉండాలి. కాగబెడితే గిన్నె అడుగున తెల్లగా పొర కట్టే బోరు నీళ్లైతే అంతకు మించే ఉండొచ్చు, కాబట్టి నింపకముందే పరీక్ష చేయించు.

రోజుకు రెండుసార్లు, రెండు వారాలు, మొత్తం బ్రష్ కొట్టు. నైలాన్ బ్రష్ మాత్రమే. తెల్లటి పొడి లేచి నీళ్లు పాలలా అయితే భయపడకు, అది కొట్టకపోతేనే గోడకు అంటుకుని గట్టిపడుతుంది. క్లోరిన్ మొదటి రెండు రోజులు వద్దు, ఆ తర్వాత కూడా పొడి అలాగే చల్లకు, కరిగించి పొయ్యి. ఇంకోటి, క్లోరిన్ బిళ్లలూ బ్లీచింగ్ పౌడరూ ఒకే డబ్బాలో పెట్టకు, ఒకే మగ్గుతో తియ్యకు. కలిస్తే మంట అంటుకుంటుంది.

మీ అమ్మకు ఈ యాసిడ్ సంగతి చెప్పకు, తనకు తెలియదు. ఎల్లుండి నీళ్లు సగంలో ఆగితే, రాత్రి ఎంతైనా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ