శాలరీ ఉద్యోగికి ఓవర్‌టైమ్ రాదా?

ప్రశ్న: టెక్సస్‌లో హెచ్‌1బీ మీద పనిచేస్తున్నాను. హోదా సిస్టమ్స్ అనలిస్ట్, చేసేది హెల్ప్‌డెస్క్ పని. ఏడాదికి 60,000 డాలర్లు. మూడేళ్లుగా వారానికి 55 గంటలు తప్పడం లేదు. పాప నన్ను గుర్తుపట్టడమే మానేసేలా ఉంది. ఓవర్‌టైమ్ అడిగితే ‘నీది శాలరీ ఉద్యోగం, రాదు’ అన్నారు. టైమ్‌షీట్‌లో 40 గంటలే వేశాను. ఎన్ని గంటలు పనిచేశానో చూపడానికి టికెట్ల (నేను పరిష్కరించిన ఫిర్యాదుల రికార్డు) డేటా నా జీమెయిల్‌కు పంపుకోనా?

జవాబు: పంపుకోవద్దు. అందులో క్లయింట్ల సమాచారం ఉంటుంది. మీరు డబ్బు కోసం కేసు వేస్తే, కంపెనీ డేటా చోరీ అంటూ మీ మీదికి వస్తుంది. ఆ రికార్డు చెరపవద్దని లాయర్‌తో నోటీసు ఇప్పించండి. తర్వాత కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు.

శాలరీ అన్నంత మాత్రాన ఓవర్‌టైమ్ పోదు. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఓవర్‌టైమ్ ఇవ్వకుండా కంపెనీకి మినహాయింపు కావాలంటే వారానికి కనీసం 684 డాలర్ల శాలరీ ఉండాలి, పని కూడా చట్టం మినహాయించిన కోవలోదై ఉండాలి. జీతం సంగతిలో కంపెనీకి ఇబ్బంది లేదు. కేసు తేలేది మీరు రోజూ చేసే పని మీదే. ప్రధానంగా సిస్టమ్ డిజైనో ప్రోగ్రామింగో అయితే మీకేమీ రాదు. పాస్‌వర్డ్ రీసెట్లు, లాప్‌టాప్ సెటప్‌లు అయితే గట్టిగా అడగొచ్చు. హోదా పేరును కోర్టు పట్టించుకోదు.

మీరు చూడని చిక్కు ఒకటుంది. ‘నాది హెల్ప్‌డెస్కే’ అని ప్రమాణం చేసి చెబితే, వీసా పిటిషన్‌లో రాసిన సిస్టమ్స్ అనలిస్ట్ ఉద్యోగం మాటేమిటని అడుగుతారు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి.

మూడేళ్లు 40 వేసి ఊరుకోవడం మీ నిర్లక్ష్యమే. అయినా గంటల లెక్క ఉంచాల్సింది యజమాని. అది సరిగా లేకపోతే ఉద్యోగి సహేతుకమైన అంచనా చూపినా చాలని 1946లో మౌంట్ క్లెమెన్స్ పాటరీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే మీరు ఎక్కువ పనిచేస్తున్నట్టు కంపెనీకి తెలుసని చూపాలి. ‘40కి మించి వేయొద్దు’ అని మేనేజర్ పెట్టిన మెసేజ్ ఏదైనా ఉందా? గుర్తున్నదంతా ఇవాళ్టి తేదీతో రాయండి. పాత తేదీలతో డైరీ తయారుచేశారో, ఉన్న కేసూ పోతుంది.

దావాకు గడువు రెండేళ్లు. యజమాని తెలిసే ఎగ్గొట్టాడని రుజువైతే మూడేళ్లు. అది దావా వేసిన రోజు నుంచి వెనక్కి లెక్క, కాబట్టి మీ తొలి నెలలు ఇప్పటికే జారిపోతున్నాయి. కార్మిక శాఖకు ఫిర్యాదు పెట్టినా ఆ లెక్క ఆగదు. ఈ వారంలోనే లాయర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి, పే స్టబ్‌లన్నీ (జీతం స్లిప్పులు) వెంట తీసుకెళ్లండి.