కొరాపుట్ కొండలు చూడటానికి ఏ నెల మంచిది?

వానాకాలంలో పచ్చగా ఉంటుందని చాలామంది జులైలో బయల్దేరతారు. పచ్చదనం నిజమే, కానీ కనబడదు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి (1,672 మీటర్లు) మీద ఆ రోజుల్లో మబ్బు దిగితే పక్కనున్న మనిషే కనిపించడు. కొండచరియలు పడితే కొరాపుట్ మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైన్లో రైళ్లు ఆగిపోతాయి.

నా మాట వింటే అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు చివరిదాకా వెళ్లండి. వానలు తగ్గినా నేల తడి ఆరదు, గాలి తేటపడుతుంది. మెట్ల పొలాల్లో వరి పండుతుంటుంది, చోడి (రాగి) వెన్నులు ముడుచుకుని బరువుగా వంగుతాయి, వాలుల మీద వలిసె అనే నూనెగింజ పంట పూలు పచ్చటి పసుపు పరిచినట్టుంటాయి. వలిసె కోసం నవంబరే మేలు.

డుడుమ జలపాతానికి మాత్రం ఆలస్యం చేయకండి. పైన జలాపుట్ డ్యాములో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కోసం నీళ్లు ఆపుతారు, వేసవికి ధార సన్నబడుతుంది.

రాయగడ, జయపురం వైపు మనవాళ్లు దసరా సెలవులు చూసుకుని వెళ్తారు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే రెండు రోజులు ఆగడం మంచిది. స్వెట్టరు, దోమల మందు మరవొద్దు. అక్కడ మలేరియా ఉంది.