పైరేట్స్‌లో చేరబోతున్న చిట్టికి

చిట్టీ,

పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ టీము డేటా విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. "క్రికెట్ లాంటిదేనట కదా బావగారూ" అంది పాపం. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. న్యూజెర్సీలో కూర్చుని న్యూయార్క్ వాళ్ళ పెద్ద టీము యాంకీస్ ఆట చూసేవాణ్ణి కదా, మీలాంటి టీములు పెంచిన కుర్రాళ్ళని మావాళ్ళు ఎలా ఎగరేసుకుపోతారో బాగా తెలుసు.

చలికి మంచి కోటు కొనుక్కో. పెన్ హిల్స్ వెంకన్న గుడికి వెళ్తుండు.

ఐపీఎల్ వేలంలో అన్ని జట్లకీ ఒకటే పర్సు. ఇక్కడ అలాంటి కట్టుబాటు లేదు. ఆటగాళ్ళ జీతాల మొత్తం ఒక గీత దాటితే లగ్జరీ ట్యాక్స్ అనే జరిమానా పడుతుంది, ఉన్నవాడు కట్టి దాటుతాడు. లాస్ ఏంజెలెస్ టీము డాడ్జర్స్ లోకల్ టీవీ ఒప్పందమే 25 ఏళ్ళకి 835 కోట్ల డాలర్లు. స్టార్ ఆటగాడు ఒహ్‌తానీకి 70 కోట్ల డాలర్లు రాసిచ్చారంటే ఇవ్వరూ మరి! పెద్ద టీముల రాబడిలోంచి చిన్నవాళ్ళకి కొంత పంచుతారు కానీ, అది ఆటగాళ్ళ మీదే పెట్టాలని ఓనరు మెడ మీద కత్తి పెట్టేవాడు లేడు.

"మన దగ్గర డబ్బు లేదు" అని ఆఫీసులో వింటూనే ఉంటావు. నిజమే. కానీ మీ పాత పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) గెరిట్ కోల్ సంగతి డబ్బుది కాదు. 2011 డ్రాఫ్టులో, అంటే టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, అందరికంటే ముందు మీవాళ్ళే ఎంచుకున్నారు. అక్కడ అతనిచేత సింకర్ బాగా వేయించేవాళ్ళు: బంతి కిందికి దిగాలి, బ్యాటర్ నేలబారుగా కొట్టాలి, ఫీల్డర్లు ఏరుకోవాలి. ఒకప్పుడు ఫలించిన పద్ధతే. 2017లో 196 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని నేరుగా ఔట్ చేసినవి). ఎలాగూ రెండేళ్ళలో చెయ్యి దాటిపోతాడని 2018 జనవరిలో హ్యూస్టన్ టీముకి ఇచ్చేశారు. వాళ్ళు సింకర్ దాదాపు మాన్పించి, ఫాస్ట్‌బాల్ పైకి వేయించారు, వంపు తిరిగే కర్వ్ బంతులు పెంచారు. ఆ ఏడాది 276, మరుసటి ఏడాది 326! మనిషి మారలేదు, చెయ్యి మారలేదు. తర్వాత మావాళ్ళు 32.4 కోట్లిచ్చి తెచ్చుకున్నారు. ఆ 32.4 కోట్లు పిట్స్‌బర్గ్‌కి ఉండవు, సరే. సింకర్ మాన్పించడానికి ఎన్ని కోట్లు కావాలి?

రేపు నీ లెక్కలో ఇలాంటిదే తేలితే? పెద్ద కోచ్ "మేమెప్పుడూ ఇలాగే చేశాం" అంటే నోరు మూసుకుంటావని నా బెంగ. చిన్నప్పుడు క్యారమ్స్‌లో మీ అన్నయ్య దొంగాట ఆడితే తెలిసి కూడా పలికేదానివి కాదు. అక్కడ అలా కుదరదమ్మా. మీ స్టార్ పిచ్చర్ పాల్ స్కీన్స్ 2029 సీజన్ దాకానే మీ చేతుల్లో ఉంటాడు.

ఇంకోటి. ఓనర్లకీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. 1994లో ఓనర్లు జీతాలకి పరిమితి పెట్టాలని పట్టుబడితే సమ్మె జరిగి వరల్డ్ సిరీసే రద్దయింది. ఈసారి లాకౌట్ అయితే, అంటే ఓనర్లే ఆట ఆపేస్తే, చేతిలో డబ్బుండాలి: ఆర్నెల్ల అద్దె పక్కన పెట్టుకున్నాకే కారు సంగతి. లాకౌట్ మాట మాత్రం మీ నాన్న దగ్గర ఎత్తకు, వాడికసలే బీపీ.

మీ పెదనాన్న