మాత్ర మొదలుపెట్టాక మరకలు కనిపిస్తున్నాయి.. ఆపేయాలా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. పరకాల దగ్గర ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. ఇంటర్ నుంచే నెలసరి నొప్పి ఎక్కువ. ఇప్పుడు నెలకు రెండు రోజులు సెలవు పెట్టక తప్పడం లేదు. కలయిక సమయంలోనూ నొప్పి వస్తోంది. హన్మకొండలో స్కాన్ చేసి ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరగడం) అన్నారు. ఎడమ అండాశయంలో 3 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) ఉందట. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర, 2 మిల్లీగ్రాములది, రోజూ వేసుకోమన్నారు. రెండు నెలలైంది. నొప్పి కాస్త తగ్గింది కానీ మధ్యమధ్యలో రక్తపు మరకలు కనిపిస్తున్నాయి. ‘హార్మోన్ గోలీలు వాడితే పిల్లలు కారు, ఒక కాన్పయితే నొప్పి అదే పోతది’ అంటోంది మా అత్తమ్మ. పిల్లల కోసం ఇంకో ఏడాది ఆగుదామనుకుంటున్నాం. మాత్ర ఆపేయాలా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: మీ అంతట మీరు ఆపొద్దు. డైనోజెస్ట్ మొదలుపెట్టిన తొలి నెలల్లో మరకలు కనిపించడం చాలామందిలో ఉండేదే. ఈ మందుతో గర్భాశయం లోపలి పొర పలచబడుతుంది. ఆ మార్పు కుదురుకునే దాకా అలా అవుతుంది. మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోండి, మరిచిపోతే మరకలు ఎక్కువవుతాయి. కొన్నాళ్లకు నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు కూడా. అప్పుడు ‘చెడు రక్తం లోపలే నిలిచిపోతోంది’ అని చుట్టుపక్కలవాళ్లు భయపెడతారు. నిలిచిపోవడానికి లోపల ఏమీ ఉండదు. పొరే పెరగడం లేదు కాబట్టి రాలిపడేదీ ఏమీ ఉండదు.

ఇక పిల్లల సంగతి. ఈ మాత్ర వల్ల గర్భం వచ్చే శక్తి పోదు. ఆపాక సాధారణంగా రెండు నెలల్లోపే నెలసరి మళ్లీ మొదలవుతుంది. అయితే పిల్లలు కలగడానికి ఇచ్చే మందు కూడా కాదిది. వాడినంత కాలం గర్భం కోసం ప్రయత్నించకూడదు. అలాగని గర్భనిరోధక మాత్ర అనుకోకండి, కండోమ్ తప్పనిసరి. గర్భంతో ఉన్నప్పుడు కొందరికి నొప్పి తగ్గే మాట నిజమే. కాన్పయి నెలసరి మొదలయ్యాక చాలామందిలో తిరగబెడుతుంది. నొప్పికి మందుగా బిడ్డను కనమనడం ఆ తల్లికీ బిడ్డకీ న్యాయం కాదు. మీరు సిద్ధమైనప్పుడే కనండి. అప్పుడు ఏడాది ఎదురుచూడకుండా, ఆరు నెలల్లో గర్భం నిలవకపోతే డాక్టర్‌ను కలవండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘కాస్త’. కాస్త అంటే ఎంత? సిస్ట్ ఎన్ని సెంటీమీటర్లో స్కాన్ చెబుతుంది, మీ రోజు ఎలా గడిచిందో చెప్పదు. సిస్ట్ సైజుకూ నొప్పికీ లెక్క కుదరదు. లోపల ఈ జబ్బు చిన్న మచ్చల్లా మాత్రమే ఉన్నవాళ్లు నొప్పితో మెలికలు తిరిగిపోవడం, పెద్ద సిస్ట్ ఉన్నవాళ్లు మామూలుగా ఉండటం రెండూ చూస్తాం. కాబట్టి వంటగదిలోని క్యాలెండర్ మీదే రోజూ రాయండి. నొప్పి పదికి ఎంత? బోర్డు మీద రాస్తూ మధ్యలో కుర్చీ లాక్కోవాల్సి వచ్చిందా? సెలవు పెట్టారా, నిద్ర పట్టిందా, విరేచనానికి వెళ్తే నొప్పి వచ్చిందా, నొప్పి మాత్రలు ఎన్ని వేసుకున్నారు? మనసు దిగులుగా ఉంటే అదీ రాయండి. ఈ మందుతో కొందరికి డిప్రెషన్ రావచ్చు, దాచుకోవద్దు. తర్వాతి చెకప్‌లో ఆ పేజీలు డాక్టర్ ముందు పెట్టండి. మందు పనిచేస్తోందో లేదో తేల్చేది అవే.

పనిచేయకపోతే వేరే దారులున్నాయి: గర్భనిరోధక మాత్రలు, గర్భాశయంలో అమర్చితే కొన్నేళ్లు పనిచేసే హార్మోన్ లూప్, నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు. ఈ ఇంజెక్షన్లు ఎముకలను బలహీనపరుస్తాయి కాబట్టి ఎక్కువ కాలం ఇవ్వరు. ఆపరేషన్‌కు తొందరపడకండి. సిస్ట్ తీసేటప్పుడు అండాల నిల్వ కూడా కొంత తగ్గవచ్చు, పిల్లలు కావాలనుకునేవాళ్లకు అది చిన్న విషయం కాదు. టీబీకి రిఫాంపిసిన్ వాడాల్సి వస్తే మాత్రం వెంటనే చెప్పండి, అది ఈ మాత్ర ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఖర్చు భారమై మందు మానేసేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు వరంగల్‌లోని సీకేఎం ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనో, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనో అడిగి చూడండి.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఒక్కసారిగా భరించలేని కడుపునొప్పి వచ్చినా, నొప్పితో జ్వరం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

చెకప్‌కు మీ వారిని వెంట తీసుకెళ్లండి. కలయికలో నొప్పి జబ్బు వల్లే తప్ప మీకు ఇష్టం లేక కాదని ఆయన డాక్టర్ నోట వినాలి. అత్తమ్మ వస్తానంటే రానివ్వండి, ఆమె అనుమానాలు ఆమే అడుగుతారు.