క్యానిస్టర్ ఫిల్టర్ కొనబోయే మేనల్లునికి

నల్లగొండ నుంచి

చిరంజీవి మేనల్లునికి మామ ఆశీర్వదించి రాయునది,

పాలమూరులో నీవు కొత్తగా పెట్టిన అక్వేరియానికి క్యానిస్టర్ ఫిల్టర్, అంటే తొట్టి బయట ఉండి పైపులతో నీటిని లాగి వడగట్టి తిరిగి పంపే మూసిన పాత్ర, కొనదలచి, రెండు డబ్బాల ఫొటోలు పంపి ఏది తీసుకోమంటావని అడిగావు. రెండింటి మీదా గంటకు ఎన్ని లీటర్లన్న అంకె చుట్టూ గీత గీసి పంపావు. ఆ అంకెను తరువాత చూద్దువు గాని, ముందు క్యానిస్టర్ లోపల ఎంత చోటు ఉన్నదో చూడు.

స్పాంజి నీటిని తేటగా చూపిస్తుంది. చేపను బతికించేది మాత్రం క్యానిస్టర్‌లో నింపే సిరామిక్ రింగుల మీద పెరిగే బ్యాక్టీరియా. చేపలు విసర్జించే వ్యర్థాల నుంచి, తినగా మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను అది నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్‌ను వారం వారం కొంత నీరు మార్చి మనమే తీసేయాలి. కాబట్టి ధర దగ్గర దగ్గరగా ఉంటే, రింగులు ఎక్కువ పట్టేదే తీసుకో.

ఇక లీటర్ల సంగతి. నీ తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అన్నావు. ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున అది 190 లీటర్లు అవుతుంది. పైన వదిలే రెండంగుళాలు, అడుగున పరిచే గులకరాళ్ళు తీసేస్తే 160 మిగులుతుంది. గంటకు నాలుగైదు సార్లు ఆ నీరంతా ఫిల్టర్ గుండా తిరగాలంటే 640 నుంచి 800 లీటర్లు కావాలి. అయితే డబ్బా మీది అంకె, లోపల రింగులు గాని స్పాంజి గాని లేకుండా, నీటిని పైకి ఎత్తే పని లేకుండా కొలిచినది. నా ఫిల్టర్ మీద 1000 అని ఉన్నది. నేను తొట్టి అంచు ఎత్తున 15 లీటర్ల బకెట్ పెట్టి, గడియారం చూసి పట్టితే నిండడానికి 90 సెకన్లు పట్టింది, అంటే గంటకు 600 మాత్రమే. నీవు పెంచేది గోల్డ్‌ఫిష్, అది మురికి ఎక్కువ చేసే చేప. కాబట్టి 1200కు తక్కువది చూడవద్దు.

నీ బోరు నీటిలోని ఉప్పును, ఫ్లోరైడ్‌ను ఇది తీసేస్తుందా అని అడిగావు. తీయదు. ఫ్లోరైడ్ తీయడానికి మా ఊరి పేరుతోనే పటిక, సున్నం వాడే పద్ధతి ఒకటి ఉన్నది గాని, దానికీ ఈ ఫిల్టర్‌కూ సంబంధం లేదు. పైగా ఉప్పునీటి వలన ఇంపెల్లర్ (మోటారులో తిరిగి నీటిని నెట్టే చిన్న చక్రం) కడ్డీకి తెల్లటి పొర కట్టి, మోటారు గరగరలాడుతుంది. నెలకొకసారి దానిని విప్పి వెనిగర్‌లో నానవేసి కడగాలి. కనుక ఇంపెల్లర్, మూత రబ్బరు వాషర్ విడిగా దొరుకుతాయా అని దుకాణంలో ముందే అడుగు. దొరకవంటే ఎంత చవకైనా వద్దు.

అన్నిటికంటె నాకు భయం కరెంటుతో. ఒక వేసవిలో రాత్రి గాలిదుమారం వచ్చి కరెంటు పోయి, మరునాడు మధ్యాహ్నానికి గాని రాలేదు. మూసి ఉన్న క్యానిస్టర్‌లో నీరు కదలక, ప్రాణవాయువు అయిపోయి లోపలి బ్యాక్టీరియా చచ్చిపోయింది. కరెంటు రాగానే కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే నల్లటి నీరు పైపు గుండా తొట్టిలోకి దూకింది. సాయంత్రానికి నాలుగు చేపలు వెల్లకిలా తేలాయి. తప్పు నాదే, విప్పి కడగకుండా స్విచ్ వేశాను. మన ఎండలకు నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు ముందే తక్కువగా ఉంటుంది, కనుక రెండు మూడు గంటలకు మించి ఆగితే మూత తీసి రింగులను కడిగిన తరువాతనే నడిపించు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దీనిని దానికే కలుపు; ఫ్యాను కంటె తక్కువే తాగుతుంది.

కడిగేటప్పుడు నల్లా నీరు వాడవద్దు, అందులోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది. తొట్టిలోంచి తీసిన నీటినే బకెట్‌లో పోసి రింగులను ముంచి తీస్తే చాలు. పైపుల దగ్గర కవాటాలు ఉండి, వాటిని మూసి క్యానిస్టర్‌ను ఊడదీసే వీలున్నదే కొను. లేకపోతే కడిగిన ప్రతిసారీ ఇల్లంతా చెరువు చేసి మా అక్కతో మాటలు పడతావు. వాషర్‌కు సిలికాన్ గ్రీజు రాయి, వాజలీన్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. యూవీ లైటు ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టకు.

కొత్తది బిగించిన రోజే ఇప్పుడున్న చిన్న స్పాంజి ఫిల్టర్‌ను తీసేయకు. రింగుల మీద బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అంతవరకు రెండూ కలిసి నడవనీ.

ఇట్లు,
మీ మామ